నడుము నొప్పి, బీడీల చాట, 24 సిట్టింగుల ప్యాకేజీ

ప్రశ్న:

మెట్‌పల్లి దగ్గరి ఒక ఊరి నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రూళ్ల నోటుబుక్కులో నాలుగు పేజీలు రాసి, ఫొటోలు తీసి పంపారు. పేరు వేయొద్దన్నారు. వయసు 41. పదో తరగతి కాగానే చాట ఒళ్లోకి వచ్చింది, ఇప్పటికీ దిగలేదు. రోజుకు దాదాపు 800 బీడీలు చుడతారు. భర్త పన్నెండేళ్లుగా దుబాయ్‌లో ఉన్నాడు. ఇంట్లో అత్తమ్మ, ఇంటర్ చదివే బిడ్డ, తొమ్మిదో తరగతి కొడుకు.

మూడేళ్ల కింద నీళ్ల డ్రమ్ము జరపబోతే నడుములో కలుక్కుమంది. రెండు వారాల్లో తగ్గింది. నెల తిరిగేసరికి మళ్లీ వచ్చింది, ఇక పోలేదు. నడుము కింద, కుడి పిరుదులో నొప్పి, ఒక్కోసారి తొడ వెనక దాకా. మోకాలు దాటి కిందికి రాదు. గంట కూర్చుంటే నడుము కర్రలా బిగుస్తుంది. పొద్దున లేవాలంటే గోడ పట్టుకోవాలి. మెడ, కుడి భుజం కూడా లాగుతాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇరవై రోజులకోసారి సూది, మెడికల్ షాపులో కొన్న డైక్లోఫెనాక్ గోళీ రోజుకొకటి, పని ఎక్కువున్న రోజు రెండు. కరీంనగర్‌లో ఎంఆర్‌ఐ తీస్తే ఎల్4-ఎల్5 (నడుము కింది భాగంలోని రెండు వెన్నుపూసలు) దగ్గర డిస్క్ ఉబ్బింది, అరుగుదల ఉంది అని వచ్చింది. ఒక డాక్టరు బెల్టు పెట్టుకొని రెస్టు తీసుకోమన్నారు. ఇంకొకరు ముందు ముందు ఆపరేషన్ పడొచ్చన్నారు. పది రోజులు ఫిజియోథెరపీకి పోయారు. ట్రాక్షన్ (నడుమును సాగదీసి ఉంచడం), కరెంటు పెట్టి, ఆ తర్వాత వ్యాయామాలు చెప్పారు. మూడో రోజు నొప్పి పెరిగిందని మానేశారు. అప్పటి నుంచి రాత్రీ పగలూ బెల్టే. వంగడం పూర్తిగా బంద్.

ఇప్పుడు కొత్త సంగతి. భర్త పనిచేసే చోట సూపర్‌వైజరుకు ఆస్టియోపతి, అంటే చేతులతో చేసే ఒక వైద్యం, చేయించుకుంటే నడుము బాగైందట. ఆయన ఫోన్ల మీద ఫోన్లు చేసి హైదరాబాద్‌లో ఒక క్లినిక్ వెతికాడు. వాళ్లు రిపోర్టు వాట్సాప్‌లో చూసి, "వెన్నుపూస జారింది, సెట్ చేస్తాం" అన్నారు. 24 సిట్టింగులు, 72 వేలు. ముందే కడితే 60 వేలు. ట్రయల్‌గా ఒకసారి పోయి వచ్చారు. ఆ తర్వాత జరిగింది ఆమె మాటల్లోనే: "నలభై నిమిషాలు చేసిండ్రు. టక్కుమని సప్పుడొచ్చింది. మూడు రోజులు నడుమే లేనట్టు హాయిగా ఉన్న. ఆ మూడు రోజుల్ల వెనకబడ్డ బీడీలన్నీ చేసిన, దుప్పట్లు పిండిన. నాలుగోనాడు మంచం దిగలే."

ప్యాకేజీ కట్టాలా? బీడీలు మానెయ్యాలా? ఆపరేషన్ తప్పదా? బిడ్డ మానెయ్యమంటోంది, ఆ బిడ్డ ఫీజు బీడీల పైసలతోనే కడుతున్నారు. అత్తమ్మ, "నడుము నొయ్యని ఆడిది ఎవలున్నరు, మేం చెయ్యలేదా" అంటుంది. రెండేళ్లుగా బతుకమ్మ ఆడలేదు, గద్దె మీద కూర్చొని చూస్తున్నారు. చివరి పేజీలో ఒక వాక్యం కొట్టేసి మళ్లీ రాశారు: "ఫొటోల పెద్దగ ఏం లేదని కూడ అంటున్నరు. మరి నాకెందుకు నొస్తుంది? నేనే యాక్టింగ్ చేస్తున్ననా?"

జవాబు:

మీరు కొట్టేసి మళ్లీ రాసిన వాక్యానికే ముందు జవాబు. మీరు నటించడం లేదు. మూడేళ్ల పాటు నటించే ఓపిక ఎవరికీ ఉండదు, అందులోనూ రోజుకు ఎనిమిది వందల బీడీలు చుడుతూ. నొప్పి నిజం. ఫొటోలో కనిపించే దానికీ ఆ నొప్పికీ లెక్క కుదరకపోవడం కూడా నిజమే. ఈ రెండూ ఒకేసారి నిజం కావడం ఎలాగో చెబుతాను.

దానికంటే ముందు ఒక జాగ్రత్త. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పడిపోవడం, దొడ్డికి పోవడం మీద అదుపు తప్పడం, కూర్చునే చోట తొడల మధ్య మొద్దుబారడం, కాలు బలం తగ్గి పాదం ఈడ్చుకుపోవడం, వీటిలో ఏ ఒక్కటి వచ్చినా ఏ సిట్టింగూ వద్దు, ఏ వ్యాయామమూ వద్దు, అదే రోజు పెద్దాసుపత్రికి పోవాలి. సాయంత్రాలు జ్వరం, చెమటలు, కారణం లేకుండా బరువు తగ్గడం, రాత్రి పడుకున్నా తగ్గని నొప్పి ఉంటే వెన్నెముకకు టీబీ ఉందేమో చూడాలి. మన దేశంలో అది వింత జబ్బేమీ కాదు. మీ ఉత్తరంలో ఇవేవీ లేవు. మీరు రాయడం మరిచిపోయారేమోనని చెప్పాను, అంతే.

ఇక ఆ ఎంఆర్‌ఐ. 'అరుగుదల' అనే మాట మీ మనసులో మేకులా దిగిందని మీ రాతలోనే తెలుస్తోంది, నాలుగు పేజీల్లో తొమ్మిది సార్లు వచ్చింది. 2015లో అచ్చయిన ఒక సమీక్ష ఉంది. అందులో వెన్నునొప్పి లేని 3,110 మంది స్కాన్ల లెక్కలు చూశారు. 40 ఏళ్ల వాళ్లలో 68 శాతం మందికి డిస్క్ అరుగుదల, 50 శాతం మందికి ఉబ్బు కనిపించాయి. నొప్పి లేని వాళ్లకు, అని మళ్లీ చెబుతున్నాను. అంటే మీ వాడకట్టులో మీ ఈడు ఆడవాళ్లను వరుసగా స్కాన్ చేస్తే, నవ్వుతూ నీళ్లు మోసుకుపోయే వాళ్లలో సగం మంది రిపోర్టు మీ రిపోర్టులాగే ఉంటుంది. మనిషికి వెంట్రుకలు నెరిసినట్టు డిస్కులూ నెరుస్తాయి. అందుకని మీ డిస్కుకు ఏమీ కాలేదనడం లేదు. ఆ రోజు డ్రమ్ము దగ్గర ఏదో బెణికింది, లేదా చిట్లింది. అలాంటివి మామూలుగా వారాల్లో, నెలల్లో మానుతాయి. మూడు నెలలు దాటి ఉండే నొప్పిని దీర్ఘకాలిక నొప్పి అంటాం. దాని నడక వేరు.

మీ వైపు మక్కచేన్లకు అడవిపందుల బెడద మీకు చెప్పాల్సిన పని లేదు. ఒక రాత్రి పందులొచ్చి చేను నాశనం చేసి పోయాయనుకోండి. మర్నాటి నుంచి మంచె మీద కాపలా మనిషికి నిద్ర ఉండదు. ఆకు కదిలితే కేక, కుక్క నడిస్తే డబ్బా మోత. పందులు రావడం ఆగిపోయినా ఆ మనిషి చెవులు మాత్రం అట్లనే నిక్కబొడుచుకొని ఉంటాయి. మీ నడుము కాపలా నరాలు, వాటి వెనకున్న మెదడు ఇప్పుడు ఆ మంచె మీద ఉన్నాయి. వంగబోతే కేక, గంట కూర్చుంటే కేక. ఆ కేక అబద్ధం కాదు, మీకు వినిపిస్తోంది, నిద్ర చెడగొడుతోంది. కాకపోతే కేక పడ్డ ప్రతిసారీ చేన్లో పంది లేదు. నిద్ర లేకపోవడం, భర్త దూరంగా ఉండటం, 'జారింది', 'అరిగింది' లాంటి మాటలు, ఇవన్నీ ఆ కాపలా మనిషిని ఇంకా గాబరా పెడతాయి. 

ఇప్పుడు ఆస్టియోపతి. అదేమీ నిన్న మొన్న పుట్టిన మోసం కాదు. ఆండ్రూ టేలర్ స్టిల్ అనే అమెరికా వైద్యుడు 1874లో దీన్ని ప్రతిపాదించాడు. 1892లో మిస్సోరీలోని కిర్క్స్‌విల్‌లో మొదటి కాలేజీ పెట్టాడు. ఇప్పుడు అమెరికాలో ఆ చదువు చదివినవాళ్లు మందులు రాస్తారు, ఆపరేషన్లు చేస్తారు, పూర్తి స్థాయి డాక్టర్లు. మిగతా చాలా దేశాల్లో ఆస్టియోపాత్ అంటే చేతులతో వైద్యం చేసే మనిషి. మన దగ్గర ఫిజియోథెరపీకి డిగ్రీ ఉంది, 2021 చట్టం కింద గుర్తింపు ఉంది. ఆస్టియోపతికి ఎంబీబీఎస్‌కు ఉన్నట్టు విడిగా ఒక చట్టబద్ధమైన మండలి లేదు. అందుకే బోర్డు మీద ఆ పేరు చూస్తే, లోపల చేయి వేసేది ఎవరు, ఏం చదివారు అని అడిగే బాధ్యత మీ మీదే పడుతుంది. ఫిజియోథెరపీ డిగ్రీ మీద ఇది అదనంగా నేర్చుకున్నవాళ్లూ ఉన్నారు, వారాంతపు క్లాసుకు పోయి సర్టిఫికెట్ గోడకు తగిలించుకున్నవాళ్లూ ఉన్నారు.

మీకు ఆ రోజు చేసినవి మీరు రాసిన దాన్ని బట్టి రెండు. ఒకటి, పక్కకు పడుకోబెట్టి ఒక్కసారిగా తిప్పితే వచ్చిన 'టక్కు'. జారిన ఎముక చోటికి పోయిన చప్పుడు కాదది. కీలు మధ్య ద్రవంలో ఒత్తిడి ఉన్నట్టుండి తగ్గి గాలి బుడగ లాంటి ఖాళీ ఏర్పడితే వచ్చే చప్పుడు. మీ కొడుకు వేళ్లు విరుచుకుంటే వచ్చేదీ అదే. నిజంగా వెన్నుపూస జారితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది, దాన్ని చేతులతో తోసి సెట్ చేయలేం. మీ రిపోర్టులో జారినట్టు లేదు. జారని దాన్ని సెట్ చేయాల్సిన పని లేదు. రెండోది, మోకాలు పట్టుకొని "నా చేతిని మెల్లగా నెట్టమ్మా" అన్నది. ఐదారు సెకన్లు కొద్ది బలంతో నెట్టించి, వదలమని, వదిలాక కాలును ఇంకాస్త లోపలికి తీసుకుపోతారు. బిగిసిన కండరం కొంచెం లొంగుతుంది. మంచి పద్ధతి, నేనూ చేస్తాను. ఇది మీరే చేసుకోవచ్చు కూడా. వెల్లకిలా పడుకొని, ఒక మోకాలును ఛాతీ వైపు తెచ్చి రెండు చేతులతో పట్టుకోండి. మోకాలుతో చేతులను ఐదు సెకన్లు బయటికి నెట్టండి, చేతులు అడ్డుపెట్టి ఆపండి. వదిలి, ఊపిరి విడిచి, మోకాలును ఇంకో అంగుళం దగ్గరికి లాగండి. మూడుసార్లు. తర్వాత రెండో కాలు. దీనికి బస్సు చార్జీ లేదు.

చేతివైద్యం పనిచేస్తుందా అంటే, చేస్తుంది, కొంచెం, కొన్ని రోజులు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో దీర్ఘకాలిక నడుము నొప్పి మీద మార్గదర్శకాలు ఇచ్చింది. జబ్బు గురించి సరిగా చెప్పడం, వ్యాయామం, మనసుకు సంబంధించిన చికిత్సలు, వెన్నుపూస మీద చేతులతో చేసే చికిత్స, మర్దన, ఇవి పనికొచ్చేవాటిలో ఉన్నాయి. మామూలుగా వాడొద్దన్న వాటిలో ట్రాక్షన్ ఉంది, నడుము బెల్టూ ఉంది. అంటే మీకు మొదట ఇచ్చినవి వద్దన్న జాబితాలో, ఇప్పుడు ఆశపడుతున్నది పనికొచ్చే జాబితాలో ఉన్నాయి. మీ ఆయన మరీ తప్పు దారిలో ఏమీ లేడు. 

తేడా అంతా ఆ మూడు రోజుల్లో ఉంది.

ఇక్కడ నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. హన్మకొండలో ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఎనుమాముల మార్కెట్లో బస్తాలు మోసే ఒకాయన వారం వారం వచ్చేవాడు. బోర్లా పడుకోవడం, రెండు 'టక్కులు', లేచి దండం పెట్టడం. "మేడం చెయ్యి పడితే సాలు" అని పదిమందికి చెప్పేవాడు. ఏడాది గడిచాక ఒకరోజు లెక్క చూసుకుంటే, ఆయన వచ్చిన మొదటి రోజు ఎంత నొప్పి ఉందో అప్పుడూ అంతే ఉంది. పేరు నా చేతులకు వచ్చింది, ఆయన నడుముకు ఒరిగింది ఏమీ లేదు. ఆ సంతోషంలో ఆయనకు ఒక్క వ్యాయామం నేర్పలేదు నేను. చేయి వేస్తే కాపలా మనిషి కాసేపు కునుకు తీస్తాడు. ఆ కునుకులో మనం చేన్లోకి పోయి మెల్లగా అటూ ఇటూ నడిచి, ఏమీ కాలేదని వాడికి చూపించాలి. నేను ఆయన్ని పడుకోబెట్టి పంపేశాను. మీరు దానికి సరిగ్గా ఎదురు చేశారు. కునుకు పట్టగానే డప్పులతో పోయారు. వెనకబడ్డ బీడీలు, దుప్పట్లు, అన్నీ ఆ మూడు రోజుల్లోనే. నాలుగో రోజు మంచం దిగలేకపోయారంటే వైద్యం వికటించిందని కాదు. మూడేళ్లుగా అలవాటు తప్పిన నడుము మీద మూడు రోజుల్లో నెల పని పడింది.

ఫిజియోథెరపీ మూడో రోజు నొప్పి పెరిగినప్పుడు కూడా జరిగింది ఇదే కావచ్చు. ఎవరో మీకు ముందే "రెండు పాయింట్లు పెరుగుతుంది, భయపడొద్దు" అని ఒక్క మాట చెప్పి ఉంటే మీరు మానేసేవారు కాదు. ఆ మాట ఇప్పుడు నేను చెబుతున్నాను. నొప్పికి సున్నా నుంచి పది దాకా మార్కులు వేయండి. వ్యాయామం చేస్తున్నప్పుడు మామూలు కంటే ఒకటి రెండు మార్కులు పెరిగి, మర్నాడు పొద్దునకల్లా పాత లెక్కకు వస్తే సరే, అదే మోతాదు కొనసాగించండి. మర్నాటికీ దిగకపోతే మోతాదు సగం చేయండి. మానేయొద్దు.

ప్యాకేజీ మాటకొస్తే మీ ముందు మూడు దారులున్నాయి. మొత్తం కట్టొచ్చు. అప్పుడు 24 సార్లు హైదరాబాద్. మీ ఊరి నుంచి పోను రాను పది గంటలు బస్సులోనే, మొత్తం 240 గంటలు కూర్చోవడం. గంట కూర్చుంటే బిగుసుకుపోయే నడుముకు నలభై నిమిషాల వైద్యం కోసం పది గంటల కూర్చోవడం, నాకైతే ఈ బేరం గిట్టుబాటు అనిపించడం లేదు. పైగా ముందే కట్టిన డబ్బు ఇంకో ఇబ్బంది తెస్తుంది. ఎనిమిదో సిట్టింగుకు తేడా లేదని తెలిసినా మిగతా పదహారుకు పోవాలి, పోకపోతే డబ్బు పాయె. రెండో దారి, జగిత్యాలలోనో కోరుట్లలోనో చేతివైద్యం తెలిసిన ఫిజియోథెరపిస్టును వెతుక్కొని నాలుగు సిట్టింగులకు మాట్లాడుకోవడం. జిల్లా ఆసుపత్రిలో ఈ విభాగం పనిచేస్తోందేమో మొదట అక్కడే అడగండి. రెండు వారాలకొకటి చొప్పున చేయించుకుంటే రెండు నెలలు వస్తాయి. ప్రతి సిట్టింగు తర్వాతి మూడు రోజులూ వ్యాయామం ఎక్కువగా, బీడీలు మామూలుగా. మూడో దారి, ఎవరి చేయీ లేకుండా ఇంటి వ్యాయామంతోనే నడవడం. ఇది చవక, ఇదీ పనిచేస్తుంది. కాకపోతే నొప్పి పెరిగిన రోజు ధైర్యం చెప్పే మనిషి ఉండడు, ఒకసారి అలా మానేసిన అనుభవం మీకు ఉంది. నన్నడిగితే రెండో దారి వైపు మొగ్గుతాను. హైదరాబాద్ క్లినిక్ మీద మీకు నమ్మకం కుదిరి ఉంటే, విడిగా ఒక్కో సిట్టింగుకు డబ్బు తీసుకుంటారా అని అడిగి చూడండి. వాళ్లు చెప్పే జవాబు చూస్తే చాలా తెలుస్తుంది.

ఎక్కడికి పోయినా మెడను ఒక్కసారిగా తిప్పనివ్వకండి. అరుదుగానే అయినా మెడలో మెదడుకు పోయే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చిన కేసులు ఉన్నాయి. మీ మెడ లాగుడుకు ఆ రిస్కు తీసుకునే అవసరం లేదు, చాట ఎత్తు మారిస్తే సగం తగ్గొచ్చు.

అవును, చాట. మానాలా అని అడిగారు. మానేస్తే ఒళ్లో బరువు పోతుంది, చేతిలో డబ్బూ పోతుంది, బిడ్డ ఫీజు టెన్షన్ వచ్చి కూర్చుంటుంది. నొప్పి పోతుందన్న హామీ నేను ఇవ్వలేను. మీ నడుముకు పడనిది బీడీ చుట్టడం కాదు, కదలకుండా గంటలు గంటలు ఒకే వంపులో ఉండటం. అందుకే మానడం కంటే ముందు మార్చి చూడండి. మడిచిన దుప్పటి గానీ, నాలుగు వేళ్ల ఎత్తు పీట గానీ వేసుకొని గోడకు ఆనుకొని కూర్చోండి, పిరుదులు మోకాళ్ల కంటే ఎత్తులో ఉంటే నడుము వంపు తగ్గుతుంది. ఒళ్లో దిండు పెట్టి దాని మీద చాట పెట్టండి. చాట నాలుగు అంగుళాలు పైకొస్తే మెడ అంత కిందికి వంగక్కర్లేదు. తునికాకు కత్తిరించే పని కూర్చొని చేయాలని ఎక్కడా లేదు. తడిబట్టలో ఆకు కట్ట తెచ్చి వంటగట్టు మీద పెట్టుకొని నిలబడి కత్తిరించండి. కూర్చున్నాక మీ గంట మీ చేతిలోనే ఉంది. 50 బీడీలు అంటే రెండు కట్టలు, మీ లెక్కన దాదాపు అరగంట. రెండు కట్టల లెక్క కాగానే చాట పక్కన పెట్టి లేవండి. రెండు చేతులూ పైకెత్తి ఐదుసార్లు ఒళ్లు విరవండి, వాకిట్లో ఒక చుట్టు తిరిగి రండి. రెండు నిమిషాలు చాలు. చేతి వేగం పోతుందని మొదటి వారం విసుగొస్తుంది, ఆ తర్వాత సర్దుకుంటుంది.

కష్టమైన మాట ఇంకొకటి. మొదటి నెల 800 కాదు, 500. బాగున్న రోజు కూడా 500 దగ్గర ఆగాలి, బాగాలేని రోజు కూడా 300 అయినా చేయాలి. బాగున్నప్పుడు వెయ్యి, తర్వాత మూడు రోజులు సున్నా, ఈ ఎగుడుదిగుడే మిమ్మల్ని మూడేళ్లుగా తిప్పుతోంది. కూలి తగ్గుతుంది కదా అంటారు. మీ ఆయన పంపుతానన్న 60 వేలు ఉన్నాయి చూడండి. రోజుకు 300 బీడీల కూలి ఎంతో లెక్క కట్టి, 60 వేలు ఎన్ని నెలలకు సరిపోతాయో మీరే భాగించుకోండి. ఉత్తరంలో పీఎఫ్ గురించి కూడా భయపడ్డారు కాబట్టి, రోజు లెక్క తగ్గితే ఏమవుతుందో టేకేదారు (బీడీల కాంట్రాక్టరు) నోటి మాట మీద ఉండకుండా యూనియన్ వాళ్లను అడిగి తెలుసుకోండి.

వ్యాయామం ఎక్కువ చెప్పను, చెబితే ఏదీ చేయరు. పొద్దున పది నిమిషాలు. పైన చెప్పిన మోకాలు నెట్టుడు. వెల్లకిలా పడుకొని మోకాళ్లు మడిచి నడుము లేపి మూడు లెక్కపెట్టి దించడం, ఎనిమిది సార్లు. నాలుగు కాళ్ల మీద ఉండి పిల్లి ఒళ్లు విరిచినట్టు వీపు పైకి, కిందికి, ఎనిమిది సార్లు. మంచం అంచున కూర్చొని చేతులు ఆనించకుండా లేచి మళ్లీ కూర్చోవడం, ఎనిమిది సార్లు. ఇది చాలా తేలికగా అయిపోతోందని రెండు వారాలకు అనిపిస్తే పన్నెండు చేయండి, అంతకు ముందు వద్దు. సాయంత్రం నడక. బాగా నొప్పి ఉన్న రోజు ఎన్ని నిమిషాలు నడవగలరో చూడండి. ఏడు అనుకుందాం. ఐదుతో మొదలుపెట్టండి, మూడు రోజులకొక నిమిషం పెంచండి. ఇరవై నడవగలనని అనిపించిన రోజు కూడా ఆ రోజు లెక్క ఆరైతే ఆరే.

అన్నిటికంటే ముఖ్యం వంగడం. వంగితే డిస్కు బయటికొస్తుందని ఎవరో చెప్పిన మాట పట్టుకొని ఇన్నాళ్లుగా వంగడం మానేశారు మీరు. వంగని నడుము వంగడం మరిచిపోతుంది, కాపలా మనిషికి వంపు అంటేనే వణుకు పుడుతుంది. మంచం మీద కూర్చొని అరచేతులు మోకాళ్ల మీద పెట్టి, పిక్కల మీదుగా మెల్లగా జార్చండి. భయం వేసిన చోట ఆగి, ఊపిరి వదిలి, పైకి రండి. ఐదుసార్లు. వారం తర్వాత నిలబడి, తొడల మీద నుంచి మోకాళ్ల దాకా. ఇంకో రెండు వారాలకు నేల మీది ఖాళీ చెంబు తీయడం. తర్వాత సగం నీళ్లున్న చెంబు, ఆ తర్వాత చిన్న బకెట్. బెల్టు రోజుకో గంట చొప్పున తగ్గిస్తూ పోండి. మొదట రాత్రి తీసేయండి, పడుకున్న మనిషికి బెల్టు ఎందుకో నాకు ఎన్నడూ అర్థం కాలేదు.

ఆరు నుంచి ఎనిమిది వారాలు గడిస్తే గానీ తేడా తెలియదు. తెలిసేది కూడా మొదట నొప్పిలో కాదు. పొద్దున గోడ పట్టుకోకుండా లేచిన రోజు, రాత్రి ఒక నిద్ర పూర్తిగా పోయిన రోజు, వాటిని నోటుబుక్కులో రాసుకోండి. ఏడెనిమిది ఉన్న నొప్పి మూడు నాలుగుకు దిగి అక్కడే ఉండిపోవచ్చు. పూర్తిగా పోతుందని ఎవరైనా గ్యారంటీ ఇస్తే ఆ మనిషి దగ్గర జాగ్రత్త.

గోళీల విషయం కాస్త గట్టిగానే చెప్పాలి. డైక్లోఫెనాక్ రోజూ ఏళ్ల తరబడి మింగితే కడుపులో పుండు, కిడ్నీకి దెబ్బ, బీపీ పెరగడం జరగొచ్చు. ఒక ఎంబీబీఎస్ డాక్టరు దగ్గరికి పోయి బీపీ, క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్తపరీక్ష), షుగర్ పరీక్షలు చేయించి, గోళీ ఎలా తగ్గించాలో అడగండి. ఆర్‌ఎంపీ ఇచ్చే సూదిలో ఏముందో చీటీ మీద పేర్లు రాయించుకోండి. అందులో స్టెరాయిడ్ ఉంటే డాక్టరుకు తప్పక చెప్పాలి. మాటిమాటికీ పడితే షుగర్ పెరుగుతుంది, ఎముక బలహీనపడుతుంది. చాలా కాలంగా పడుతుంటే ఉన్నట్టుండి ఆపడం కూడా మంచిది కాదు. ఆపరేషన్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను: నరం నొక్కుకొని కాలు బలం తగ్గితేనో, కాలులోకి దిగే తీవ్రమైన నొప్పి వారాల తరబడి లొంగకపోతేనో ఆ చర్చ మొదలవుతుంది. మీకు అవి లేవు. 'ముందు ముందు పడొచ్చు' అన్న మాటకు ఇవాళ తేదీ పెట్టాల్సిన పని లేదు.

అత్తమ్మ మాట గుచ్చుకుందని తెలుస్తోంది. అదే ఉత్తరంలో ఇంకోచోట, ఆమె రాత్రిళ్లు లైటు తీసేశాక మోకాళ్లకు బామ్ రాసుకుంటుందని రాశారు. "మేం చెయ్యలేదా" అనడంలో సగం మీ మీద కోపం, సగం ఆమె నొప్పిని ఆ రోజుల్లో ఎవరూ అడగలేదన్న ఉక్రోషం కావచ్చు. ఊహే, నాకు ఆమె తెలియదు. ఆమెతో వాదించి గెలవొచ్చు, లాభం ఉండదు. మంచం మీంచి లేచి కూర్చునే ఆ వ్యాయామం మోకాళ్లకూ మంచిదే. "అత్తమ్మా, నువ్వు లెక్కపెట్టు, నేను చేస్త" అని ఒకరోజు అడిగి చూడండి. ఆమె కాదంటే బిడ్డ లెక్కపెడుతుంది.

మీ ఆయనకు పన్నెండేళ్లుగా ఇంటికి చేయగలిగిన సాయం డబ్బు పంపడమే. ప్యాకేజీ వద్దంటే తన సాయమే వద్దన్నట్టు వినిపించొచ్చు. అందుకని వద్దనకండి, మార్చి అడగండి. నాలుగు సిట్టింగులకు, పరీక్షలకు, 500 దగ్గర ఆగే నెలలకు. రోజూ సాయంత్రం మీరు నడిచే వేళకు ఆయన ఫోన్ చేస్తే, ఆ ఐదు నిమిషాలు మాట్లాడుతూ నడవొచ్చు.

బతుకమ్మకు ఇంకా నాలుగు నెలలుంది. చప్పట్లు కొడుతూ వంగి లేస్తూ గుండ్రంగా తిరగడం, నేను రాసిన వ్యాయామాల్లో సగం అందులోనే ఉన్నాయి, నడకతో సహా. చెంబు తీయడం వచ్చిన వారం నుంచి ఇంట్లోనే పాట పెట్టుకొని ఒక పాటకు ఆడండి, చప్పట్లు మొదట ఛాతీ దగ్గర, పోను పోను మోకాళ్ల దగ్గర. ఎంగిలిపూల రోజు గద్దె దిగి రెండు పాటలు ఆడి బయటికి రండి. మూడో పాటకు ఎవరు చేయి పట్టి లాగినా పోకండి. మర్నాడు పొద్దున నొప్పికి ఎన్ని మార్కులో చూసుకొని, సద్దుల నాటికి ఎన్ని పాటలో అప్పుడు లెక్క వేసుకుందురు.